ప్రకటన 20:4లో "బ్రదికినవారై" అంటే మళ్లీ బతకడమా, ఊరికే జీవించడమా? రెండు యాప్‌లలో రెండు నంబర్లు చూపిస్తున్నాయి

కృష్ణ_ఒడ్డు:

అందరికీ వందనాలు. మా చర్చి యూత్ వాట్సాప్ గ్రూపులో మూడు రోజులుగా ఒకటే గొడవ, శనివారం క్లాసు నేనే చెప్పాలి, కాస్త టెన్షన్‌గా ఉంది, గ్రీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే సాయం చేయండి.

ప్రకటన 20వ అధ్యాయం చదువుతున్నాం. 4వ వచనంలో శిరచ్ఛేదనం అయినవాళ్ల ఆత్మల్ని యోహాను చూశాడు, "వారు బ్రదికినవారై, వెయ్యి సంవత్సరములు క్రీస్తుతోకూడ రాజ్యము చేసిరి" అని ఉంది. 5వ వచనంలో "కడమ మృతులు బ్రదుకలేదు" అని ఉంది. తెలుగులో చదివితే రెండుచోట్లా ఒకే మాట కదా, నాకెప్పుడూ అనుమానం రాలేదు. మా గ్రూపులో ఒక తమ్ముడు యాప్ స్క్రీన్‌షాట్ పెట్టాడు. అందులో 4వ వచనానికి స్ట్రాంగ్స్ నంబర్ (మూలభాష మాటలకి స్ట్రాంగ్స్ నిఘంటువు ఇచ్చిన వరుస నంబరు) 2198, జావో, అంటే జీవించు. 5వ వచనానికి 326, అనజావో, అంటే మళ్లీ బతుకు. కాబట్టి హతసాక్షులు మళ్లీ బతకలేదు, పరలోకంలో ఆత్మలుగా జీవిస్తున్నారంతే, శరీరంతో లేచేది మిగతావాళ్లు మాత్రమే అని వాడి వాదన. వినడానికి గట్టిగానే ఉంది.

కానీ నా ఫోన్‌లో ఉన్న ఇంకో యాప్‌లో చూస్తే రెండుచోట్లా 2198 అనే ఉంది! అది పెడితే "అక్కా, మీ యాప్ తప్పు" అన్నాడు. ఒకే బైబిలుకి రెండు గ్రీకు మాటలు ఎలా ఉంటాయి? ఏ యాప్ నమ్మాలి? అసలు ఆ మాటకి అర్థం ఏంటి?

పాతప్రతుల_పిచ్చి:

వందనాలు సిస్టర్. రెండు యాప్‌లూ కరెక్టే, వాటి వెనకున్న గ్రీకు పాఠాలు వేరు, అదే తేడా.

స్ట్రాంగ్స్ నిఘంటువు 1890లో వచ్చింది, దానికి ఆధారం 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లిష్ బైబిలు. ఆ బైబిలు వెనకున్నది 1516లో ఎరాస్మస్ అచ్చేసిన పాఠం నుంచి వచ్చిన గ్రీకు. అందులో 20:5 దగ్గర "అనెజేసాన్" (అనజావో రూపమే) అని ఉంది, కాబట్టి కింగ్ జేమ్స్‌లో కూడా "మళ్లీ" అనే మాట చేరింది, నంబరు 326 పడింది. ఎరాస్మస్‌కి ప్రకటన గ్రంథానికి దొరికింది ఒకే ఒక్క గ్రీకు చేతిప్రతి. దాని చివరి ఆకు కూడా ఊడిపోయి ఉంటే, ఆఖరి ఆరు వచనాలు లాటిన్ నుంచి తానే గ్రీకులోకి తిప్పి రాసుకున్నాడు. ఈ పుస్తకం విషయంలో ఆయన పాఠాన్ని కళ్లు మూసుకుని నమ్మకూడదని నేననేది అందుకే.

5వ శతాబ్దం నాటి అలెగ్జాండ్రినస్ ప్రతిలో 20:5 దగ్గర ఉన్నది "ఎజేసాన్", అంటే 4వ వచనంలో ఉన్న మాటే, అక్షరం తేడా లేదు. ఇప్పటి పండితుల పాఠాలు దాన్నే తీసుకుంటాయి. మీ యాప్ ఈ పాఠం మీద నడుస్తోంది, ఆ తమ్ముడి యాప్ పాతదాని మీద నడుస్తోంది, అంతే.

ఇంకో సరదా సంగతి. 4వ శతాబ్దం నాటి సినైటికస్ ప్రతిలో "కడమ మృతులు బ్రదుకలేదు" అనే ఈ వాక్యమే లేదు! స్కాన్లు నెట్‌లో ఉన్నాయి, చూసుకోవచ్చు. 4వ వచనం "ఖీలియా ఎతే", అంటే వెయ్యేళ్లు, అని ముగుస్తుంది. ఈ వాక్యం కూడా అదే "ఖీలియా ఎతే"తో ముగుస్తుంది. రాసేవాడి చూపు మొదటి ఎతే మీంచి రెండో ఎతే మీదికి జారింది, మధ్యలోది ఎగిరిపోయింది. చిన్నప్పుడు పక్కవాడి నోట్సు చూసి కాపీ కొట్టినవాళ్లకి ఇది బాగా తెలుసు, ఒకే మాటతో ముగిసే రెండు లైన్లుంటే ఒకటి మిస్సవుతుంది. కొంతమంది ఈ వాక్యం అసలు యోహాను రాసిందే కాదంటారు గానీ, జారడానికి కారణం కళ్ల ముందే కనిపిస్తుంటే ఆ వాదన నాకు ఎక్కదు.

సీయోను_తమ్ముడు:

అనా అంటే గ్రీకులో మళ్లీ అని అర్థం. అది ఉంటే మళ్లీ బతకడం, లేకపోతే మామూలు జీవితం. ఇంత సింపుల్. ప్రతులూ గితులూ ఎందుకు?

కొయినే_మాస్టారు:

తమ్ముడూ, అంత సింపుల్ కాదు. లూకా 15 తియ్యి. తప్పిపోయిన కొడుకు ఇంటికొచ్చాడు, తండ్రి పనివాళ్లతో 24వ వచనంలో అంటాడు, నా కొడుకు చనిపోయి "అనెజేసెన్". తర్వాత పెద్దకొడుకు అలిగి గుమ్మం బయట నిలబడితే, అదే తండ్రి, అదే సాయంత్రం, అదే కొడుకు గురించి 32వ వచనంలో అంటాడు, నీ తమ్ముడు చనిపోయి "ఎజేసెన్" (ఒక్కరి గురించైతే ఎజేసెన్, పలువురైతే ఎజేసాన్). పాత ప్రతుల్లో రెండోసారి అనా లేదు. అంటే ఎనిమిది వచనాల్లో ఆ పిల్లాడు మళ్లీ బతికినవాడి నుంచి ఊరికే జీవిస్తున్నవాడిగా మారిపోయాడా? మన తెలుగు బైబిలు రెండుచోట్లా తిరిగి బతికాడనే రాసింది, సరిగ్గానే రాసింది.

సిస్టర్, మీ అసలు ప్రశ్నకి వస్తా, కొంచెం పెద్దగా రాస్తా, ఓపిక పట్టండి.

జావో అనే క్రియకి మన "బతుకు" కన్నా మంచి జోడీ ఇంగ్లిష్‌లో లేదు. ఇంగ్లిష్‌లో జీవించడానికి ఒక మాట, ప్రాణం రావడానికి ఇంకో మాట, ప్రమాదం నుంచి బయటపడడానికి ఇంకోటి. మనకి అన్నిటికీ ఒకటే. "మా తాత తొంభై ఏళ్లు బతికాడు" అంటే జీవించాడు. "బస్సు బోల్తా పడింది, డ్రైవర్ బతికాడు" అంటే చావు తప్పింది. "డెంగీ వచ్చి ఐసీయూలో పడ్డాడు, బతికి బట్టకట్టాడు" అంటే కోలుకున్నాడు. "చచ్చి బతికాడు" అంటే చెప్పక్కర్లేదు. ఒక్కదాంట్లోనూ "మళ్లీ" లేదు, అయినా వినేవాడికి డౌట్ రాదు, పక్కనున్న మాట అర్థం చెప్పేస్తుంది. గ్రీకు జావో కూడా సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. యోహాను 4లో ప్రధాని కొడుకు జ్వరం తగ్గి బతికిందీ జావోనే, ప్రకటన 13:14లో మృగం కత్తిదెబ్బ తిని కూడా బతికిందీ జావోనే.

ఇక చావు పక్కన ఈ మాట పడితే ఏమవుతుందో చూడండి. ప్రకటన 2:8లో ప్రభువు స్ముర్న సంఘానికి తనని పరిచయం చేసుకునే మాట, "మృతుడై మరల బ్రదికినవాడు". గ్రీకులో అక్కడున్నది ఎజేసెన్ ఒక్కటే, ఆ "మరల" మన అనువాదకులు పెట్టింది. రోమా 14:9లో కూడా అంతే, క్రీస్తు "చనిపోయి మరల బ్రదికెను", పాత ప్రతుల్లో ఎజేసెన్ ఒక్కటే. ఎరాస్మస్ వైపు పాఠంలో ఇక్కడ కూడా "లేచి, మళ్లీ బతికి" అని పొడుగు చేశారు. 20:5లో చేసిన పనే ఇక్కడా చేశారన్నమాట. చావు తర్వాత ఒట్టి ఎజేసెన్ కనబడితే రాసేవాడి చెయ్యి ఊరుకోదు, స్పష్టంగా ఉండాలని అనా తగిలిస్తాడు. మనవాళ్లు "మరల" తగిలించినట్టే! ఆ తగిలింపు అర్థాన్ని మార్చలేదు, ఉన్న అర్థాన్ని పైకి చెప్పింది, అంతవరకే.

గ్రీకు పాత నిబంధనలో కూడా చూడండి. యెహెజ్కేలు 37:10, ఎండిన ఎముకల లోయ, ఊపిరి వాళ్లలోకి వచ్చి "ఎజేసాన్", కాళ్లమీద నిలబడ్డారు. ప్రకటన 20:4లో ఉన్న రూపమే ఇది. రెండో రాజులు 13:21లో శవం ఎలీషా ఎముకలకి తగలగానే "ఎజేసెన్", లేచి నిలబడ్డాడు. ప్రకటన 20లో తలలు నరికించుకున్నవాళ్ల గురించి చెప్పి, వెంటనే ఎజేసాన్ అన్నాడు. నేనైతే "బతికి లేచారు" అనే చదువుతాను. ఆ తర్వాతి మాట "ఇదియే మొదటి పునరుత్థానము" అని ఆయనే విప్పి చెప్పాడు కదా, ఇంక నేను చెప్పేదేముంది.

హిప్పో_పాఠకుడు:

మాస్టారూ, లూకా 15 ఉదాహరణ బాగుంది, కానీ అది మీకే అడ్డం తిరుగుతుంది. ఆ కొడుకు నిజంగా చచ్చిపోలేదు కదా! దూరదేశంలో పందులు మేపాడు. అంటే చనిపోవడం, బతకడం అనే మాటలు శరీరంతో సంబంధం లేకుండా కూడా వాడతారని మీరే చూపించారు. రోమా 7:9 కూడా అంతే, "పాపమునకు మరల జీవము వచ్చెను", అక్కడా అనజావోనే, పాపానికి ఒళ్లెక్కడుంది?

పాతకాలపు సంఘ పండితుడు, హిప్పో బిషప్ అగస్టీన్ తన దేవుని నగరం 20వ పుస్తకంలో యోహాను 5 పట్టుకుని ఇదే చెప్పాడు. 25వ వచనంలో మృతులు దేవుని కుమారుని శబ్దం విని బతుకుతారు, అది "ఇప్పుడే వచ్చియున్నది". అక్కడి క్రియ జావోనే, సమాధుల ఊసే లేదు. 28, 29లో సమాధుల్లో ఉన్నవాళ్లు బయటికి వస్తారు, అక్కడ "ఇప్పుడే" లేదు. రెండు లేవడాలు, మొదటిది ఆత్మలో, రెండోది ఒంటితో. ఎఫెసీ 2:5, 6 కూడా చూడండి, క్రీస్తుతో బతికించి, లేపి, పరలోకంలో ఆయనతో కూర్చోబెట్టాడని అయిపోయిన సంగతిలా రాశాడు పౌలు. బతకడం, ఏలడం, ప్రకటన 20:4 కూడా అదే జంట. పైగా ఆ అధ్యాయంలోనే "రెండవ మరణము" ఉంది, అది ఒంటి చావు కాదని అందరూ ఒప్పుకుంటారు. రెండో మరణం ఒంటిది కానక్కర్లేనప్పుడు మొదటి పునరుత్థానం మాత్రం ఒంటిదే ఎందుకు కావాలి?

ఆ తమ్ముడి లెక్క తప్పని ఒప్పుకుంటా, నంబర్ల మీద సిద్ధాంతం కట్టకూడదు. కానీ లెక్క తప్పైనంత మాత్రాన జవాబు తప్పవ్వాలని లేదు.

కొయినే_మాస్టారు:

ఇది సరైన ప్రశ్న. ఎఫెసీ వాదన నిజంగా బలమైనదే, కాదనను. నాకు అడ్డొచ్చేది 5వ వచనం. "కడమ మృతులు వెయ్యేళ్లు గడిచేదాకా ఎజేసాన్ కాలేదు." కడమ అన్నాడంటే మొదటి గుంపు కూడా ఈ మృతుల్లోవాళ్లే. "గడిచేదాకా" అన్నాడంటే గడిచాక బతుకుతారు, అది ఒంటితో లేవడమేనని, మొదటిది ఆత్మలో అనే మీవాళ్లూ అంటారు. మరి రెండు వరసల్లో ఒకే క్రియ, ఒకే రూపం, ఒకసారి ఆత్మలో, ఇంకోసారి ఒంటితో, మధ్యలో ఒక్క సూచన కూడా ఇవ్వకుండా! 19వ శతాబ్దంలో బైబిలు పండితుడు హెన్రీ ఆల్ఫర్డ్ దీనిమీదే గట్టిగా మండిపడ్డాడు, ఇలా చదివితే ఇక భాషలో మాటకి అర్థమే మిగలదని. యోహాను 5లో "ఇప్పుడే" అని, "సమాధుల" అని గుర్తులు పెట్టి మరీ రెండిటినీ విడదీశారు, ఇక్కడ అలాంటి గుర్తు లేదు.

"ఆత్మలను చూచితిని" అన్నదాన్ని కూడా ఎక్కువ లాగొద్దు. అపొస్తలుల కార్యములు 27:37లో పౌలు ఎక్కిన ఓడలో 276 మంది ఉన్నారని చెప్పేటప్పుడు గ్రీకులో 276 "ప్సుఖే"లనే ఉంది, ప్రకటనలో ఆత్మలని అనువదించిందీ ఆ మాటనే. మనం "పడవలో ముప్పై ప్రాణాలున్నాయి" అంటాం చూడండి, అలాగ.

హిప్పో_పాఠకుడు:

ఓడ పాయింట్ ఒప్పుకోను, ఓడలో ఉన్నవాళ్లెవరికీ తలలు తెగలేదు, తెగినవాళ్ల "ప్రాణాలు" కనిపించాయంటే వేరే సంగతి. 5వ వచనం మాత్రం నాకూ కష్టమే, నిజం చెప్పాలంటే.

ఉభయభాషా:

నేను క్రైస్తవుణ్ణి కాదు, తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి, మాట వ్యుత్పత్తి కనబడితే ఆగలేను, తప్పైతే క్షమించండి. పునరుత్థానానికి గ్రీకులో ఉన్న అనాస్తాసిస్ అన్న మాట చూశారా, అనా అంటే పైకి కూడా, స్తా అంటే నిలబడు. మన ఉత్థానం చూడండి, ఉత్ అంటే పైకి, స్థా అంటే నిలబడు. ఆ స్తా, ఈ స్థా ఒకే ధాతువు, సంస్కృతం, గ్రీకు దాయాదులు కదా. ఉదయం గుళ్లో మైకులో వినిపించే "ఉత్తిష్ఠ" అదే క్రియ. మీ బైబిల్లో చనిపోయినవాళ్లని లేపేటప్పుడు ఆ రూపం ఎక్కడైనా ఉందా?

ఇంకోటి. ఉత్థానంలో "మళ్లీ" లేదు. దానికి ముందు పునః అని చేర్చి పునరుత్థానం చేసింది అనువాదకులు. మాకు కార్తీక శుద్ధ ఏకాదశి ఉత్థాన ఏకాదశి, విష్ణువు యోగనిద్ర లేచే రోజు, అక్కడ పునః లేదు, ఏటా లేస్తున్నా సరే.

కొయినే_మాస్టారు:

ఉంది గురువుగారూ! అపొస్తలుల కార్యములు 9:40, యొప్పేలో పేతురు శవం వైపు తిరిగి, "తబితా, లెమ్ము" అంటాడు, గ్రీకులో "తబిథా, అనాస్తేథి". మీ ఉత్తిష్ఠకి స్వయానా చుట్టం. మీరన్నది నిజం, అనాస్తాసిస్‌కి మూలార్థం లేచి నిలబడడం, అంతే. గ్రీకు విలాపవాక్యములు 3:63లో శత్రువులు కూర్చోవడం, లేవడం అన్నచోట ఆ లేవడమూ అనాస్తాసిస్సే, కుర్చీలోంచి లేచినట్టు. కొత్త నిబంధనలో మాత్రం లూకా 2:34 లాంటి ఒకటీ అరా తప్ప చనిపోయినవాళ్లు లేవడం గురించే వాడారు, అందుకే పునః పెట్టినవాళ్లని తప్పుపట్టను.

మీరు రాబట్టి ఒకటి చెప్పాలనిపిస్తోంది, సిస్టర్ క్లాసుకి పనికిరాకపోవచ్చు. గ్రీకులకి చచ్చి బతికిన కథలు తెలియక కాదు. ప్లేటో రిపబ్లిక్ చివర్లో ఎర్ అనే సైనికుడు పన్నెండో రోజున చితి మీద బతుకుతాడు, అక్కడి మాట "అనెబియో". అది కొత్త నిబంధనలో ఒక్కచోట కూడా లేదు. ఏథెన్సులో ఈస్కిలస్ నాటకం, క్రీస్తుపూర్వం 458, అరేయోపగు అనే అక్కడి న్యాయసభ ఎలా పుట్టిందో చెప్పే కథ. అందులో అపోలో దేవుడే అంటాడు, మనిషి ఒకసారి చచ్చి నెత్తురు మట్టిలో ఇంకాక ఇక అనాస్తాసిస్ లేదు అని. ఐదొందల ఏళ్ల తర్వాత పౌలు ఆ అరేయోపగు దగ్గరే నిలబడి, ఆ మాటే పలికాడు. కార్యములు 17:32లో వాళ్లు అపహాస్యం చేశారంటే ఊరికే చేయలేదు, చిన్నప్పటి నుంచి విన్న మాటకి అడ్డంగా చెప్పాడు మరి. అంతకుముందు 18వ వచనంలో అన్య దేవతల్ని ప్రచారం చేస్తున్నాడని అనుకున్నారు కదా, యేసు ఒక దేవుడు, అనాస్తాసిస్ ఇంకో దేవత అనుకుని ఉంటారని పాతకాలపు సంఘ బోధకుడు క్రిసొస్తొమ్ అన్నాడు.

కృష్ణ_ఒడ్డు:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. ఒక్క డౌట్ మిగిలింది. ఈస్టర్ తెల్లవారుజామున మేమంతా సమాధుల తోటకి వెళ్తాం, కొవ్వొత్తులు, బంతిపూలు పెడతాం. మా నాయనమ్మ రాయి మీద "ప్రభువునందు నిద్రించెను" అని ఉంటుంది. నిద్రపోయినవాళ్లు లేస్తే "మేల్కోవడం" అనాలి కదా, బతకడం అని ఎందుకు? దానికి వేరే మాట ఉందా?

కొయినే_మాస్టారు:

ఉంది, ఎగెయిరో. నిద్ర లేపడం. మార్కు 4:38లో తుపానులో పడవ ఊగిపోతుంటే తలగడ మీద నిద్రపోతున్న యేసుని శిష్యులు లేపింది ఈ మాటతోనే, 5:41లో పన్నెండేళ్ల పిల్ల చెయ్యి పట్టుకుని "చిన్నదానా, లెమ్ము" అన్నదీ ఈ మాటతోనే, లాజరును లేపాడనీ, యేసు లేచాడనీ చెప్పేటప్పుడు కూడా ఎక్కువగా ఇదే. లాజరు తర్వాత మళ్లీ చనిపోవలసినవాడే, యేసు కాదు, అయినా గ్రీకులో వేర్వేరు మాటల్లేవు. తేడా చెప్పడానికి పౌలు 1 కొరింథీ 15లో ప్రకృతిసంబంధమైన శరీరం, ఆత్మసంబంధమైన శరీరం అని విడమర్చి రాయాల్సి వచ్చింది. సమాధుల తోటకి గ్రీకు క్రైస్తవులు పెట్టుకున్న పేరు కొయిమేతేరియోన్, పడకగది. ఇంగ్లిష్‌వాళ్ల సెమెటరీ దాన్నుంచి వచ్చిందే. మీ నాయనమ్మ రాయి మీద రాసినవాళ్లకి గ్రీకు వచ్చో రాదో గానీ మాట మాత్రం సరిగ్గా పడింది.

కృష్ణ_ఒడ్డు:

అయితే శనివారం లూకా 15:24, 32 పక్కపక్కన బోర్డు మీద రాసి మొదలుపెడతా. తర్వాత 20:5కి రెండు యాప్‌లూ చూపిస్తా. హిప్పో అన్నయ్య చెప్పిన యోహాను 5 కూడా పెడతా, అది దాచేస్తే అన్యాయం. మాస్టారి మొదటి పోస్టు మా గ్రూపులో పెట్టాను, తమ్ముడికి రెండు నీలం టిక్కులు వచ్చి గంటన్నర అయింది, ఇంకా ఉలుకూ పలుకూ లేదు.

సీయోను_తమ్ముడు:

అక్కా, నేనే. చదువుతున్నా. 13:14 మృగం దగ్గర ఆగాను, అది చచ్చి బతికిందా, చావకుండా బతికిందా?